కరుణ గేటు ముందు మోకు

కరుణాకుమారి అంటే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే నేనేదో అమాయకురాలినని, నా ఖర్మ కాలి అలా జరిగిందని అనుకుంటారు. ఆ కుళ్ళు ఎప్పటి నుంచో కొద్దికొద్దిగా ఉన్నదే. రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో రొయ్యల బండ్లు మా వీధి పట్టాక ముదిరింది.

మాది కోట ఊరికి ఒక అంచున లేచిన కొత్త కాలనీ. అటూ ఇటూ కలిపి ముప్పై ఇళ్ళు, మధ్యలో ఒకటే సిమెంటు రోడ్డు. ఆ ఏడు మార్చి నెలాఖరున మెయిన్ రోడ్డు మీది కల్వర్టు పడగొట్టి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. దాంతో గుంటల నుంచి రొయ్యలు తీసుకుపోయే బండ్లన్నీ మా కాలనీలోకి మళ్ళాయి. ఐసు కరగకముందే సరుకు చేర్చాలని వాళ్ళ తొందర. మా వీధి చూస్తే తిన్నగా ఉంటుంది, అడ్డూ ఆపూ లేదు, తొక్కినవాడికి తొక్కినంత. మొదటి వారంలోనే రెండు కోళ్ళు, ఒక కుక్క పోయాయి. జయరామయ్యగారు సైకిలుతో సహా కాలువలో పడ్డారు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు, మా వీధికి పెద్దమనిషి. కాలువలోంచి లేచి, పంచె పిండుకుని, ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు.

పోలీసులకు అర్జీ ఇచ్చాం. ఒక కానిస్టేబుల్ వచ్చి ఒక పూట నిలబడ్డాడు. ఆ పూటంతా బండ్లు పెళ్ళి ఊరేగింపులా నడిచాయి. అతను పోగానే మళ్ళీ మామూలే. స్పీడ్ బ్రేకర్ వేయించమని అడిగితే, కల్వర్టు అయిపోతే బండ్లే రావు కదా, ఎందుకు దండగ అన్నారు.

అప్పుడు మోకు తెచ్చింది బెన్హర్. అతను కరుణాకుమారి తమ్ముడు, దుగరాజపట్నం వైపు పడవల ఇంజన్లు బాగుచేస్తుంటాడు. పడవలు కట్టే తాడు, నా ముంజేయంత లావుది, చుట్టచుట్టి మోపెడ్ మీద వేసుకొచ్చాడు. సముద్రం పక్క ఊళ్ళలో మోకు చేతికందేదే కాబట్టి అందరూ చేసేది అదే. మోకును రోడ్డుకు అడ్డంగా పరిచి, రెండు కొనలూ రోడ్డు పక్క మట్టిలో దిగ్గొట్టిన ఇనుప మేకులకు కట్టేస్తారు. బండి దాని మీద వేగంగా ఎక్కితే లోపలున్నవాడి పళ్ళు టకటకలాడాలి.

"మా ఇంటి ముందెయ్యి బెన్హరూ," అన్నాను. "మా అత్తకు చూపు ఆనదు గదా. ముసలామె ఉండే ఇల్లు."

"మధ్యలో వేస్తేనే రెండు పక్కలా నెమ్మదిగా వస్తారు వదినా. మధ్యంటే మా గేటు కాడికే వస్తా ఉండాది," అన్నాడు బెన్హర్.

జయరామయ్యగారు అడుగులు వేసి కొలిచి మరీ సరే అన్నారు. వాళ్ళు చెప్పింది న్యాయమే. కానీ వాళ్ళ మోకు, వాళ్ళ గేటు అనుకుని నేను ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాను.

ఆ రోజు నుంచి మా వీధిలో బండ్లన్నీ కరుణాకుమారి గేటు ముందు తలవంచినట్టు నెమ్మదించేవి. ఆమె గేటు పక్కన ఒక నీళ్ళ కూజా పెట్టింది. అశోక్ అని ఒక రొయ్యల బండి డ్రైవరు, పాతికేళ్ళవాడు, రోజూ పోతూ వస్తూ మోకు మీదికి మెల్లగా ఎక్కిస్తూ కిటికీలోంచి తల బయటపెట్టి "అక్కా, బాగుండావా" అని అడిగేవాడు. మోకు దాటగానే తొక్కేవాడు. వాడే కాదు, అందరూ అంతే. ఆ తొక్కుడంతా ఎక్కడంటే నాలుగిళ్ళ అవతల, రోడ్డుకు ఎదురువరసలో ఉన్న మా ఇంటి ముందు. కుట్టి ఆరేసిన జాకెట్లన్నీ దుమ్ము. కరుణకేమో పలకరింపులు, నాకేమో దుమ్ము.

అయినా అసలు కుళ్ళు దాని గురించి కాదు. మా అత్త ఎస్తేరమ్మ గురించి.

మా ఆయన ఆనందబాబుకు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారకముందే పోతాడు. మా పాప కావలిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇక ఇంట్లో మిగిలేది నేను, మిషను, మా అత్త. పదిహేడేళ్ళుగా ఆమెకు అన్నం పెట్టింది నేను. తల దువ్వింది నేను. బాత్రూములో జారిపడితే ఎత్తి కూర్చోబెట్టింది నేను. ఆమె నవ్వేది మాత్రం కరుణ ఇంట్లో.

కరుణకు ముప్పై అయిదేళ్ళుంటాయి. పెళ్ళి చేసుకోలేదు. చిన్న బడిలో టీచరు, ఆదివారం మా చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. తల్లి ఎప్పుడో పోయింది. ఆమె గొంతు తేనె అని మా సంఘంలో అందరూ అంటారు. నాకు తేనె పడదు.

మోకు వేయకముందు మా అత్త వారానికోసారి కరుణ ఇంటికి పోయేది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఎండలు తగ్గాక ఆపరేషన్ చేద్దామన్నారు. అందుకని నేను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తేనే పోగలిగేది. మోకు పడ్డాక ఆమెకు ఒక దారి దొరికింది. మా గేటు దాటి, ఎడమచేత్తో గోడలు తడుముకుంటూ నాలుగిళ్ళు నడుస్తుంది. అక్కడ కర్రతో మోకు కొనను వెతుక్కుంటుంది. తర్వాత కర్రను మోకు వెంబడే ఆనిస్తూ నేరుగా రోడ్డు దాటితే కరుణ గేటు. ఎలాగూ అక్కడ బండ్లు నెమ్మదిస్తాయి. ఇంకేం, వారానికోసారి కాస్తా రోజూ నాలుగు గంటలకు అయింది. నా చెయ్యితో పని లేకుండా పోయింది.

చీకటి పడకముందే తిరిగొచ్చేది. వచ్చి, నేను అడగకపోయినా చెప్పేది.

"ఈ రోజు కరుణ వాక్యం ఎంత బాగా చదివిందనుకున్నావు. అత్తను విడిచిపోనన్న కోడలి కథ చదివింది. ఆ మాట కాడ దాని గొంతు పూడుకపోయింది."

"దానికి అత్తే లేదు గదా," అన్నాను.

"లేకపోతే ఏమిలే. మనసుండాది," అంది మా అత్త.

నేను మిషను తొక్కడం ఆపలేదు. ఆ కుట్టు వంకర పోయింది, తర్వాత విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

కరుణ అల్లం టీ గ్లాసులో ఇస్తుందట, నేను కప్పులో ఇస్తానట. కరుణ మా అత్త చిన్నప్పటి సంగతులు అడుగుతుందట. నేను ఎందుకు అడగాలి, పదిహేడేళ్ళలో అవన్నీ నాకు వందసార్లు వినపడ్డాయి. బడికి సెలవులిచ్చారు కాబట్టి ఆమెకు తీరిక. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి నాకు జాకెట్ల మీద జాకెట్లు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు తగ్గుతుందా? సాయంత్రం నాలుగైతే చాలు, గోడల వెంబడి కర్ర చప్పుడు దూరమవుతుంటే మిషను ఇంకా గట్టిగా తొక్కేదాన్ని.

మే మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆ పని చేశాను. రెండు గంటలప్పుడు మా వీధిలో కుక్క కూడా తిరగదు. బండ్లు మూడున్నర దాటాకే మొదలవుతాయి. బెన్హర్ పడవల మీద పనికి పోయి వారం దాకా రాడు. మా అత్త నిద్రపోతోంది. నేను చేతికి గుడ్డ చుట్టుకుని పోయి, మేకుల నుంచి మోకు కొనలు విప్పాను. ఆ రోడ్డు మీద మోకు కాలిన పెనంలా ఉంది. నాలుగిళ్ళ దూరం ఈడ్చుకొచ్చేసరికి గుడ్డ జారిపోయి అరచెయ్యి తోలు లేచిపోయింది. ఒక కొన మా గేటు స్తంభానికి, ఇంకో కొన ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి కట్టాను. నా ఆలోచన ఒకటే. మోకు ఇక్కడుంటే బండ్లు కరుణ గేటు ముందు తొక్కుతాయి. అక్కడ దారి లేకపోతే మా అత్త నా దగ్గరే కూర్చుంటుంది.

మూడున్నరకు మొదటి బండి మా గేటు ముందు దబదబమని ఎక్కి దిగింది. మా అత్త మంచం మీదే లేచి కూర్చుంది.

"ఇదేంది, మోకు చప్పుడు మన ఇంటి ముందర వినపడతా ఉండాది?"

"మనకు కూడా ఇంకోటి వేసినారత్తా," అన్నాను.

"ఆ మోకు ఉండాది గదా మరి, కరుణ ఇంటి కాడ?"

"ఉండాది."

ఎందుకలా అన్నానంటే, తీసేశారంటే ఎవరు తీశారని అడుగుతుంది. అబద్ధం చెప్పడానికి పెద్దగా ఆలోచించలేదు. ఆ ఒక్క మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

"ఇక్కడే కూచో అత్తా ఈ రోజు. గాలి బాగుండాది," అని వరండాలో కుర్చీ వేశాను. ఆమె సరేనని కూర్చుంది.

నాలుగున్నరకు కరుణ మా గేటు దగ్గరికి వచ్చింది. అప్పటికి మా అత్త పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"పెద్దమ్మ రాలేదేం వదినా?"

"నిద్రపోతా ఉండాది."

కరుణ మా గేటు స్తంభానికున్న ముడి చూసింది. తర్వాత నా చెయ్యి చూసింది. పసుపు పూసి గుడ్డ కట్టుకుని ఉన్నాను.

"చేతికేమైంది?"

"ఇస్త్రీపెట్టె తగిలింది." మా అత్తకూ అదే చెప్పాను.

"సరే వదినా. పెద్దమ్మ మా ఇంటికి వస్తానంటే నాకు ఒక్క కేకెయ్యి. నేనొచ్చి తీసకపోతా. ఒక్కతినీ పంపించొద్దు," అని వెళ్ళిపోయింది.

మర్నాడు జయరామయ్యగారు మా గేటు ముందు సైకిలు ఆపి, మోకును ఇక్కడికి ఎవరు మార్చారని అడిగారు. నేను నోరు తెరిచేలోపల ఎదురు వరసలో ఎవరింటికో పోతున్న కరుణ ఆగి, "నేనే సార్. పెద్దమ్మ ఉండే ఇంటి ముందుంటే మంచిదని," అంది. ఆయన ఎంత మంచి మనసమ్మా అని మెచ్చుకుని పోయారు. నా ఒళ్ళు మండింది. ఆమె అలా ఎందుకు చెప్పిందో నాకు తట్టలేదు. చేసింది నేను, చెయ్యి కాలింది నాకు, మంచిపేరు ఆమెకు. నా బుర్రకు అంతవరకే అందింది.

మూడు రోజులు మా అత్త నాది. కరుణ రోజూ వచ్చింది, రోజూ ఏదో ఒకటి చెప్పి పంపించాను. ఒకసారి తలనొప్పి అన్నాను, ఇంకోసారి స్నానం చేస్తోందన్నాను. సాయంత్రాలు మిషను ఆపి మా అత్తకు వాక్యం చదివి వినిపించాను. టీ గ్లాసులో పోసి ఇచ్చాను, అల్లం కూడా వేశాను. ఆమె ఓపిగ్గా విని, చివర్లో నవ్వింది.

"నువ్వు చదివితే బస్టాండులో ఊర్లు చెప్పినట్టుండాదే," అంది.

నాకు కోపం రాలేదు. నా ఇంట్లో, నా వరండాలో నవ్వింది కదా అనుకున్నాను. అయితే నాలుగు దాటాక ఆమె ముఖం ఆ వైపే తిరిగి ఉండేది, చూపు ఆనకపోయినా.

నాలుగో రోజు, వాణి అని పెళ్ళికూతురు జాకెట్టు సరిచూసుకోవడానికి వచ్చింది. ఆమెను నిలబెట్టి, వదులున్న చోటల్లా పట్టి పిన్నులు గుచ్చుతున్నాను. నా నోట్లో పెదవుల మధ్య ఆరేడు పిన్నులున్నాయి. వెనక నుంచి మా అత్త "పోయొస్తానే" అంది. నేను "ఊఁ" అన్నాను. పెరట్లోకి అనుకున్నానా, కరుణ ఇంటికని తెలుసా, ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. నోట్లో పిన్నులు తీస్తే నిజం చెప్పాల్సి వస్తుంది. అది మాత్రం తెలుసు. ఇంకో నాలుగు పిన్నులు గుచ్చాక దూరంగా గోడల వెంబడి కర్ర చప్పుడు వినపడింది. అప్పుడు పిన్నులు కింద ఉమ్మేసి గేటు దగ్గరికి పరిగెత్తాను.

ఆమె అప్పటికే నాలుగిళ్ళు దాటింది. ఎప్పుడూ దాటే చోట రోడ్డులోకి రెండడుగులు వేసి, కర్రతో సిమెంటు మీద కొడుతూ మోకు కోసం వెతుకుతోంది. ఇక్కడ తగలకపోతే ఇంకో అడుగు ముందుకు వేసి అక్కడ వెతుకుతోంది.

సరిగ్గా అప్పుడే నా వెనక నుంచి అశోక్ బండి వచ్చింది. మా గేటు ముందు మోకు మీదికి మెల్లగా ఎక్కించాడు. కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూసి, "అక్కా, బాగుండావా," అన్నాడు. మోకు దిగగానే తొక్కాడు.

నేను అరిచాను. ఆ ఇంజను చప్పుడులో ఎవరికి వినపడుతుంది. కరుణ తన గేటు లోపల నుంచి వచ్చింది. పరిగెత్తడం నేను చూడలేదు, ఆమె అప్పటికే రోడ్డు మధ్యలో ఉంది. మా అత్తను రెండు చేతులతో తోసింది. మా అత్త రోడ్డు పక్క ఇసక కుప్ప మీద పడింది. బండి బ్రేకులు వేసి, పక్కకు తిరిగి, కరుణ కాలి మీదుగా పోయి ఆగింది. వెనక ట్రేల నుంచి ఐసునీళ్ళు రోడ్డు మీదికి కారాయి.

వీధంతా బయటికి వచ్చింది. అశోక్‌ను కిందికి లాగి కొట్టారు. జయరామయ్యగారు అడ్డం పడకపోతే ఇంకా కొట్టేవాళ్ళే. వాడు చేతులు అడ్డం పెట్టుకుంటూ నన్నే చూసి చెబుతున్నాడు. "ఇక్కడ మోకుండేది గదక్కా. ఉంటే నెమ్మదిగానే పోయేవాణ్ణి గదా. తీసేసినారని తొక్కినా."

మా అత్తకు మోచేతులు గీరుకుపోయాయి, అంతే. ఇసక మీద కూర్చుని, చేత్తో నేల తడుముతూ, అందరినీ ఒకటే అడిగింది. "మోకేమైంది? ఇక్కడే గదా ఉండాల్సింది. ఉండాదని చెప్పిందే."

ఎవరికీ అర్థం కాలేదు. నేను మెడలో కొలతల టేపుతో అక్కడే నిలబడి ఉన్నాను.

కరుణకు మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. పది రోజుల తర్వాత ఇంటికి తెచ్చారు. బెన్హర్ వచ్చీ రాగానే మోకు విప్పి మళ్ళీ పాత చోటే కట్టాడు. ఎందుకు మార్చావని అక్కను అడిగితే ఆమె మళ్ళీ అదే చెప్పింది, నేనేరా మార్పించానని. అశోక్ బండి తాళాలు ఓనరు తీసేసుకున్నాడని తెలిసింది.

మా అత్త ఆ రోజు నుంచి నన్ను మోకు సంగతి ఒక్క మాట అడగలేదు. "కరుణకు నువ్వే వండిపెట్టాల," అని మాత్రం అంది. మా ఇంట్లో వండి, క్యారియర్లో పెట్టుకుని రెండు పూటలా పోయేదాన్ని. ఒక రోజు కరుణను కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, బకెట్టు నీళ్ళతో తల రుద్దుతున్నాను. కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"ఆ రోజు మధ్యాహ్నం కిటికీ తెరిచే ఉండింది వదినా. చూసినా."

నా చేతులు ఆగిపోయాయి. నురగ ఆమె చెవి పక్క నుంచి జారింది.

"నీ ముఖాన అడిగితే నువ్వు తలెత్తుకోలేవని ఊరుకున్నా. అడిగుండాల్సింది. పెద్దమ్మ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఆ చోట్లో వెతుక్కుంటాదని తెలుసు. అందుకే నాలుగయ్యేలోపల గేటు కాడ కుర్చీ వేసుకుని కూచునేదాన్ని, రోజూ."

ఇంకెవరైనా అయితే ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చేవాళ్ళు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. నేను దొంగతనంగా మోకు ఈడుస్తుంటే ఈమె కిటికీలోంచి చూసి, నా పరువు కాపాడి, మా అత్తకు కాపలా కూర్చుందన్నమాట. ఇక దీన్ని నేనెప్పటికి మించాలి అనిపించింది. నీళ్ళు పోసి తల కడిగాను. తువ్వాలు చుట్టాను.

"ఎవరికీ చెప్పొద్దు వదినా. అయిపోయింది గదా," అంది కరుణ.

జూన్ మొదట్లో కల్వర్టు తెరిచారు. బండ్లన్నీ ఒక్క రోజులో మాయమయ్యాయి. రెండో ఆదివారం సాయంత్రం కరుణ ఇంటి ముందు పట్టలు పరిచి కృతజ్ఞత కూడిక పెట్టారు. సంఘమంతా వచ్చింది. జయరామయ్యగారు, వీధిలో మిగతావాళ్ళు కూడా వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. అశోక్ బత్తాయిల సంచితో గేటు దగ్గరే నిలబడిపోయాడు, ఎవరూ లోపలికి పిలవలేదు. మా ఆయన నా పక్కన ఉన్నాడు. కరుణ వరండాలో కాలు చాపుకుని కుర్చీలో ఉంది.

ఇలాంటి కూడికలో ఎవరికి మేలు జరిగిందో వాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. మా అత్త లేచింది. "నాకు కళ్ళు లేవు. దేవుడు కరుణను నాకు కళ్ళుగా పెట్టినాడు," అంది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. పదిహేడేళ్ళు, అనుకున్నాను నేను. తర్వాత పాస్టరుగారు నా వైపు చూసి, "అబిగయీలమ్మా, మీ ఇంటికి జరిగిన మేలు. రెండు మాటలు చెప్పు," అన్నారు.

లేచి నిలబడ్డాను. దేవునికి స్తోత్రం అని మొదలుపెట్టి, మా అత్త ప్రాణం దక్కిందని చెప్పి కూర్చుందామనే అనుకున్నాను. కరుణ వైపు చూశాను. ఆమె మెల్లగా, ఎవరికీ కనపడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దు, నేను మోస్తాను కదా అన్నట్టు. ఆ ముఖంలో అంత శాంతం ఎక్కడి నుంచి వచ్చిందో. కాలూ ఆమెదే, కన్నీళ్ళూ ఆమెకే, ఇప్పుడు నా తప్పు దాచిపెట్టే మంచితనం కూడా ఆమెకేనా? అది మాత్రం నేను ఓర్చుకోలేకపోయాను. పశ్చాత్తాపం అని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ ఆ క్షణంలో నా చేత నిజం చెప్పించింది కుళ్ళే.

"మోకు జరిపింది నేను," అన్నాను. "కరుణ కాదు. మా అత్త ఈ ఇంటికి రాకూడదని జరిపినా. పాత మోకు అక్కడే ఉండాదని ఆమెకు అబద్ధం చెప్పినా. అశోక్ చెప్పింది నిజమే. మోకుంటే నెమ్మదిగానే పోయేవాడు."

బెన్హర్ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మా ఆయన పట్ట మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు. గేటు దగ్గర అశోక్ సంచి కింద పెట్టి, "నేను అంత తొక్కుండకూడదులే అక్కా. మోకున్నా లేకపోయినా ఇండ్ల మధ్య రోడ్డే గదా," అన్నాడు. జయరామయ్యగారు వాడి కోసం పక్కకు జరిగి ఒక కుర్చీ ఖాళీ చేశారు. పాస్టరుగారు ప్రార్థన చేసుకుందాం అన్నారు.

కూడిక అయ్యాక బూందీ పొట్లాలు పంచారు. నా దగ్గరికి వచ్చేసరికి పంచే ఆమె చూపు తప్పించి పక్కామెకు ఇచ్చింది. నేను చెప్పులు వేసుకుని, అందరికన్నా ముందు పోదామని గేటు దాటాను. వెనక కర్ర చప్పుడు వినపడింది.

"నిలువే," అంది మా అత్త.

నిలబడ్డాను. ఆమె కర్రతో మోకు కొన వెతుక్కుని, దాని వెంబడే రోడ్డులోకి వచ్చింది. బండ్లు లేవు, ఏమీ లేవు. రోడ్డు మధ్యలో ఆగి, వంగి, మోకును చేత్తో పట్టి ఎత్తబోయింది. కొంచెం కూడా లేవలేదు.

"ఇంత బరువుండాదే. ఒక్కదానివే ఎట్టా లాగినావే?"

నేను వెనక్కి ఆమె దగ్గరికి నడిచాను.

"చెయ్యి ఇట్టా ఇయ్యి," అంది.

ఇచ్చాను. నా అరచెయ్యి తెరిచి బొటనవేలితో తడిమింది. తోలు లేచిపోయిన చోట కొత్త తోలు ఇంకా గరుగ్గానే ఉంది. ఆ చోటు మీద వేలు ఆపింది.

"ఈ చేత్తోనేనా నాకు ఇన్ని రోజులూ అన్నం కలిపి పెట్టింది? ఇస్త్రీపెట్టె అని చెప్తివే." వేలు అక్కడే ఉంచి మళ్ళీ అంది. "నా కాడ కూచో అత్తా అని ఒక్క మాట అనకపోయినావా. గట్టిగా. కోపంగా అయినా."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక ఆమె ముందు నేను ఏడవడం అదే మొదలు. ఆమె నా చెయ్యి వదల్లేదు. రోడ్డు దాటడానికి కాదు, ఊరికే పట్టుకుని, మోకు మీద నిలబడి ఉంది. వెనక వరండాలో కుర్చీలోంచి కరుణ మమ్మల్నే చూస్తోంది.

చూస్తే చూడనీ అనుకున్నాను.